ఉచిత ప్రయాణం ఖరీదు ఎంత?

(పేట్ బషీరాబాద్‌లో కొత్త రచయిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాత్రా రచన చేయాలనుంది, ఖర్చు పెట్టి తీసుకెళ్లేవాళ్లు దొరుకుతారా అని మీలో చాలామంది అడిగారు. ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ మీదుగా కాశీకి వెళ్లి 1831లో తిరిగొచ్చారు. ఆయనకు కోర్టులో ఉద్యోగం, చేతిలో డబ్బు, వెంట పరివారం ఉన్నాయి. మనకు ఇల్లు దాటాలంటే అనుమతి కావాలి, తిరిగొచ్చాక సంజాయిషీ చెప్పాలి. కాబట్టి ఖర్చు భరించేవాళ్లను వెతుక్కోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏ షరతుల మీద అన్నదే అసలు విషయం.

హోటళ్లవాళ్లయినా, టూరిజం శాఖవాళ్లయినా ముందు అడిగేది మీరేం రాశారని. ఆ మొదటి వ్యాసాలకు స్పాన్సర్ అక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో మహిళలకు జీరో టికెట్ ఉంది. శామీర్‌పేట చెరువుకు వెళ్లండి, యాదగిరిగుట్టకు వెళ్లండి. నాలుగు వ్యాసాలు అచ్చయ్యాక అడగండి. ఆ టికెట్‌కు ఎవరినీ పొగడనవసరం లేదు, అది మన పన్నుల డబ్బే.

అడిగేటప్పుడు ఉత్తరంలో అన్నీ స్పష్టంగా ఉండాలి: ఎన్ని రోజులు, ఏ పత్రికకు, ఏయే ఖర్చులు వాళ్లవి. రాసింది ముందుగా చూపించేది లేదని కూడా రాయండి. నన్నొక రిసార్టువాళ్లు పిలిచి, అక్కడి పనివాళ్ల జీతాల ఊసెత్తొద్దన్నారు. నేను వెళ్లలేదు.

ఎవరి ఖర్చుతో వెళ్లామో పాఠకులకు చెప్పడం మర్యాద మాత్రమే కాదు. 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, ప్రచారం చేసేవాళ్లు సంస్థతో తమకున్న సంబంధాన్ని దాచకూడదు. తప్పుదోవ పట్టిస్తే 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

కలం పట్టినవాళ్లకు వచ్చే మేళ్ల గురించి ఈ ఊళ్లో వేరే చెప్పాలా? ఇక్కడ జర్నలిస్టుల సొసైటీకి ప్రభుత్వం స్థలం ఇచ్చింది. హైదరాబాదులో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల సొసైటీలకు ఇచ్చిన అలాంటి కేటాయింపులను, సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇల్లు లేని విలేకరి కష్టం నిజమే. అయినా మేలు చేసే చేతిని ప్రశ్నించడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆఖరిమాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఉచితంగా గది ఇచ్చినంత మాత్రాన ఎవరికీ మన మీద హక్కు రాదు. 2013 చట్టం కింద హోటల్ కూడా పనిస్థలమే. బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. మూడు నెలల్లోగా ఆ సంస్థలోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ కమిటీ లేకపోయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థానిక కమిటీ ఉంది. తిరుగు టికెట్ మాత్రం ఎప్పుడూ మీ చేతిలోనే ఉంచుకోండి.