కప్పువంతెన - బల్లకట్టు

చెక్కవంతెనకు పైకప్పు ఎందుకని మన గుంటూరు సీమవారికి వింతగా తోచవచ్చును. స్విట్జర్లండులోని లూసెర్న్ పట్టణమున 14వ శతాబ్దమునాటి కప్పువంతెన ఒకటి ఉన్నది. ఆ కప్పు బాటసారికంటె ముఖ్యముగా కలప కొరకే. వానకు నాని, ఎండకు ఎండి, మరల నానిన దూలము త్వరలో పుచ్చిపోవును. అయితే వానను ఆపిన కప్పు నిప్పును ఆపలేదు. 1993లో చాలభాగము కాలిపోగా, మరుసటి ఏడే తిరిగి నిర్మించిరి.

మన కృష్ణలో కలపకు శత్రువు వానకంటె వరద. పొంగులో చెక్కగుంజలు నిలువవు. అందువలన మనవారు వంతెననే నీటిపై తేలనిచ్చిరి. రెండు పడవలను జంటచేసి, మీద బల్లలు పరచిన ఆ సాధనమే బల్లకట్టు. పల్నాటి అంచున, ఈవల మాదిపాడు, ఆవల ముక్త్యాల. ఈ రేవున మిరపబస్తాలు, పత్తి బోరెములు, ఎడ్లబండ్లు, తరువాత మోటారుబండ్లును అట్లే ఏరు దాటినవి.

వరద వచ్చినచో బల్లకట్టును ఒడ్డున కట్టివేయుదురు. అది దక్కును గాని దారి తెగును. ఎదుటి గట్టు కనబడుచునే ఉండును; పురిటి నొప్పులు పడు ఇల్లాలిని మాత్రము చుట్టుదారిని తీసికొనిపోవలెను. రాతివంతెన విలువ ఆనాడు తెలియును.

అది వచ్చువరకు ఒక్క మాట మరువరాదు. కప్పువంతెనకు కప్పు రక్ష. బల్లకట్టుకు మితమైన బరువే రక్ష. నిండిన బల్లపై ఇంకొక బస్తా వేయకుండుటయే క్షేమము.