వీడర్ తోసేదెవరు?

శ్రీ వరి పుట్టుపూర్వోత్తరాలు ఈ సభకు విడమరచి చెప్పనక్కర్లేదు. 1980ల్లో మడగాస్కర్‌లో ఫ్రెంచి జెసూట్ ఫాదర్ లోలానియే అక్కడి రైతుల మధ్య కూడగట్టిన పద్ధతి. కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి నార్మన్ అప్‌హాఫ్ దాన్ని ఊరూరా చాటారు. శ్రీలంకలో చూసొచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆలపాటి సత్యనారాయణ 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల చేత మడులు వేయించారు. ఎకరానికి రెండు కిలోల విత్తనం, 8–12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడం, కుదురుకు ఒక్క మొక్క.

మరుసటి ఏడే తగవు మొదలైంది. శ్రీ వరికి చెబుతున్న దిగుబడులు ఎగిరే పళ్లాల వంటివని 2004లో పంటల శాస్త్రవేత్తలు సింక్లెయిర్, కాస్‌మన్ వెక్కిరించారు. అప్పట్నుంచీ రెండు పక్షాలూ హెక్టారుకు ఎన్ని టన్నులన్న దగ్గరే కొట్టుకుంటున్నాయి. రెండు పక్షాలవారూ మడిలో దిగినవారే. నడుం వంచి నాటినవారు మాత్రం కారు.

ఈ వక్తకున్న గోల ఒక్కటే: వీడర్ తోసేదెవరు? శ్రీ పద్ధతిలో నీరు నిలవని మడిలో వరి కన్నా కలుపు ముందు లేస్తుంది. నాటిన పది రోజులకోసారి, ఆ తర్వాత పదేసి రోజులకోసారి, వరుసల మధ్య కోనో వీడర్, అంటే కలుపును తొక్కే తోపుడు పరికరం, నడవాలి. నల్లరేగడిలో దాని పళ్లకు బంకమట్టి పట్టిందంటే అడుగు కదలదు. చేత్తో కలుపు తీసేది ఆడకూలీలు. వీడర్ తోయాలంటే మగమనిషిని వెతకాలి, మగకూలి ఇవ్వాలి. సబ్సిడీ మీద వచ్చిన వీడర్ ఒక ఊళ్లో పశువుల కొట్టం మూల కోళ్లు పడుకునే కర్ర అయింది. ఈ వక్త కళ్లారా చూసిన దృశ్యం.

నాట్లదీ అదే కథ. గుత్తకు నాటే ముఠాకు వేగమే కూలి. రెండాకుల మొక్కను గింజ ఊడకుండా, మట్టితో సహా లేపి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మార్కర్ గీతలు కలిసేచోట పైపైన నిలపమంటే వాళ్ల వేగం ఏమవుతుంది? శిక్షణకు పట్టాదారును పిలిచి టీ ఇచ్చారు. ముఠా పెద్దను పిలిచినవారెవరు?

నీళ్ల సంగతి పొడిగా చాలు. 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడ్డాక, బోరు నీళ్లు మిగిల్చిన రైతుకు కరెంటు బిల్లులో మిగిలేది లేదు. కాలువ కింది రైతుకైతే తూము తన చేతిలోనే లేదు.

ఈలోగా వెదజల్లే సాగు పాకిపోయింది. నారుమడి లేదు, నాట్లు లేవు, కలుపుమందు డబ్బా ఒకటి. ఇది రైతు బద్ధకమని రాసిన పెద్దలు ముందు వరుసలోనే ఉన్నారు. అయ్యా, నాట్ల కూలి ఎంతో ఒక్కసారి కనుక్కుని రాయవలసింది.

చీర నేతకు ముందు నూలు చుట్టే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చూడండి. చీర చీరకూ వేలసార్లు చెయ్యి తిప్పి తల్లి లక్ష్మికి పట్టుకున్న భుజం నొప్పిలోంచి 1999లో అది తయారైంది. ఆసు పోసే ఆడవాళ్లకు దాని ఉపయోగం ఎవరూ ఉపన్యసించనక్కర్లేకపోయింది. మన వీడర్ ఎవరి భుజాన్ని చూసి తయారైంది?

వచ్చే ఏటి సభకు పత్రాలు పంపేవారికి ఒక మనవి. దిగుబడి పట్టిక పక్కనే మూడు గడులు గీయండి: కలుపు తీసిందెవరు, ఎన్ని రోజులు, ఎంత కూలికి. ఆ గడులు ఖాళీగా వచ్చిన పత్రాన్ని తిప్పి పంపమని సంపాదకవర్గానికి చెబుతున్నాను.