ఇంజనుకూ మనిషికీ మధ్య రేకు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా టెక్కలిలో జరిగిన సభలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను అంటే యజమాని దయతలచి ఇచ్చే ఈనాం కాదు, మనం చేసిన పనికి దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. దాని గురించి ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నేను మెకానిక్కుని. చట్టాలు నాకు అంతగా తెలియవు. "ఆ పాత లారీ బాగుచేసిన సంగతి చెప్పవయ్యా, పిల్లలు కూడా వింటారు" అని కార్యదర్శిగారు అడిగారు. సరేనన్నాను. చేసిన పనికి మనకు పెన్షను వస్తోంది. మరి చెయ్యకుండా చేశామని రాసిన పని సంగతేమిటి? నేను చెప్పబోయేది అది.

నేను 1974లో ఇక్కడే వర్క్‌షాపులో హెల్పరుగా చేరి, 2009లో మెకానిక్కుగా రిటైరయ్యాను. నేను చేరేనాటికే మా దగ్గర 1967 నాటి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ ఒకటుండేది. టెల్కోవారు జర్మనీ డైమ్లర్ బెంజ్ కంపెనీతో 1954లో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అందుకే మా లారీ ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. 1976 నుంచి 1988లో వేలం వేసేదాకా, పన్నెండేళ్ళు ఆ బండిని ఒకే డ్రైవరు నడిపాడు. ఉద్దానం మనిషి, వజ్రపుకొత్తూరు వైపు ఊరు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను అన్నయ్య అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు.

ఆ రోజుల్లో లారీ ఇప్పటిలా పూర్తిగా తయారై వచ్చేది కాదు. కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజను, ముందు ముఖం, దాని వెనక ఒక నిలువు రేకు వచ్చేవి. కేబిన్‌ని బాడీ కట్టే షెడ్డులో చెక్కతో కట్టించుకునేవారు. ఆ నిలువు రేకు ఉన్న భాగాన్ని మేము కౌల్ అంటాం. పొలం కౌలు కాదండోయ్! ఇంగ్లీషులో ఆ రేకుని ఫైర్‌వాల్ అని కూడా అంటారు. దానికి అటువైపు ఇంజను, ఇటువైపు డ్రైవరు కాళ్ళు. వేడి, పొగ, నూనె తుంపర, చప్పుడు, ఖర్మ కాలితే మంట, వీటన్నిటికీ మనిషికీ మధ్య ఉండేది ఆ రేకొక్కటే. బండికి ఎంత సోకు చేసినా దాన్నెవరూ చూడరు. బానెట్ ఎత్తితే కళ్ళు ఇంజను మీదకే పోతాయి.

ఆ రేకుకి బోలెడు కన్నాలు ఉంటాయి. స్టీరింగు రాడ్డు, పెడళ్ళు, వైర్లు, కేబుళ్ళు అన్నీ దానిలోంచే పోవాలి. ప్రతి కన్నానికీ ఒక రబ్బరు బుష్ ఉండాలి. మా లారీకి డ్రైవరు కుడికాలి పక్కన ఒక కన్నం ఉండేది. ఎప్పుడో తీసేసిన కేబులు తాలూకు కన్నం, రూపాయి బిళ్ళంత. అందులోంచి ఇంజను వేడిగాలి తిన్నగా ఆయన కాలి మీదకు కొట్టేది.

"తమ్ముడూ, కుడికాలు కాలిపోతంది. ఆ కన్నం మూసియ్యి" అని ఆయన ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. ఫిర్యాదుల పుస్తకంలో కూడా రాశాడు. ఆ సైజు రబ్బరు స్టోర్సులో లేదు. రేకు ముక్క అతికించాలంటే పెడళ్ళు విప్పాలి, పూట పని. రేపు చూద్దాంలే అనుకుని పుస్తకంలో "సరిచేయబడింది" అని రాసి సంతకం పెట్టాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు పెట్టాను. నన్నెవరూ అలా రాయమనలేదు. నేనే రాశాను.

1988 వేలంలో బండి చేతులు మారింది. మొదట కొన్నవారు నౌపడ ఉప్పు బస్తాలు తోలారు. తరువాత కవిటి వైపు కొబ్బరితోట ఆసామి కొని కొబ్బరికాయలు తోలాడు. ఆఖరికి అది తోటలోనే ఆగిపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మీకందరికీ తెలుసు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస కూలిపోయాయి. ఆ తోటలో ఒక పనసచెట్టు లారీ మీద పడింది. చెక్క కేబిన్ నుగ్గయిపోయింది. కౌల్ మాత్రం నిలబడింది.

2022లో మా అన్నయ్య కొడుకు దాన్ని ఆనవాలుపట్టి, నంబరు ప్లేటు సరిచూసుకుని, తుక్కు ధరకు కొన్నాడు. నా దగ్గరకు వచ్చి, "చిన్నాన్నా, నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఈ బండి ఒక్కసారి స్టార్టయితే చూడాలని ఉందంటున్నాడు" అన్నాడు. ఇంక కాదనడానికి నాకు నోరేదీ?

ఇంజను ఎలాగూ ఓవర్‌హాలు చెయ్యాలి గనక, చైన్‌పుల్లీతో పైకెత్తి దింపేశాం. అలా దించితే తప్ప కౌల్‌కి చెయ్యి అందదు. ప్రతి వైరుకీ గుడ్డముక్క కట్టి నంబరు వేశాం. కుర్రాడు ఫోనులో ఫోటోలు తీశాడు. తరువాత కేబిన్ వైపు పాత చాపలు పీకాం. కుడివైపు మూల ఆ కన్నంలో గట్టిగా ఏదో ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవరుతో లాగితే వచ్చింది. ఖాకీ గుడ్డ. చుట్టి, గ్రీజులో ముంచి, కన్నంలో దిగ్గొట్టిన గుడ్డ. రాయిలా బిగుసుకుపోయింది. ఖాకీ చొక్కా చెయ్యి ముక్క అని కుట్టు చూస్తే తెలిసింది. నేను "సరిచేయబడింది" అని సంతకం పెట్టిన పనిని ఆయన తన యూనిఫారం చింపి తానే చేసుకున్నాడు. నాకు ఒక్కమాట కూడా చెప్పలేదు.

ఆ పూట పని సాగలేదు. మర్నాటి నుంచి వరసగా చేశాం. మీలో పాత జీపులూ స్కూటర్లూ ఉన్నవారు ఉన్నారు గనక పద్ధతి చెబుతాను.

మొదట జిడ్డు వదలాలి. కిరసనాయిలూ బ్రష్షూ, ఆ తరువాత చాకలిసోడా కలిపిన వేడినీళ్ళు. చాలామంది ముందే గరుకు కాగితం పడతారు. అలా చేస్తే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది, పైన వేసిన రంగు పొరలుగా ఊడిపోతుంది.

రెండోది పాత రంగు. ఇక్కడ జాగ్రత్త. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. తుప్పు పట్టకుండా ఇనుముకి వేసే రెడ్ లెడ్ అంటే సీసం సిందూరమే. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదని మన దేశంలో 2016లో నిబంధన చేసి, 2017 నవంబరు నుంచి అమలుపరిచారు. 1967 నాటి లారీకి అలాంటి హద్దేమీ లేదు. సీసం మూత్రపిండాలకు చేటు, పిల్లల మెదడుకు మరీ చేటు. కాబట్టి పొడిగా గీకకూడదు, మంటతో కాల్చకూడదు. తడి కాగితంతోనే రుద్దాం. మూతికి మాస్కులు కట్టుకున్నాం. పిల్లల్ని దగ్గరకు రానివ్వలేదు. కింద టార్పాలిన్ పరిచి, ఆ మడ్డినంతా డబ్బాలో పట్టి మూత బిగించాం. ఉద్దానం నేల ఇసుక నేల, నూతులు దగ్గరలోనే ఉంటాయి. ఏది పారబోస్తే అది ఇంకుతుంది. పాత బళ్ళలో వేడి ఆపడానికి పెట్టిన అట్టలు ఆస్‌బెస్టాస్‌వి కావచ్చు. వాటిని విరగ్గొట్టకుండా తడిపి, సంచిలో కట్టి పక్కన పెట్టాలి.

మూడోది తుప్పు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాం. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్‌మంటుంది. కింద రెండు మూలలూ, చెక్క కేబిన్ వచ్చి రేకుకి ఆనే చోటూ పూర్తిగా తినేసింది. చెక్క నీరు పీల్చి పట్టి ఉంచుతుంది, దానికి నౌపడ ఉప్పు తోడైంది. మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త రేకు ముక్కలు వేశాం. వెల్డింగు ఒక్క చోట సాగదీయకుండా ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టాం. లేకపోతే వేడికి రేకు వంకర్లు పోతుంది. తుప్పు గుంటల్లో ఉప్పు దాక్కుంటుంది, కంటికి కనబడదు. మంచినీటితో నాలుగైదుసార్లు కడగాలి. ఆ తరువాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూసి, మళ్ళీ కడిగి ఆరబెట్టాం.

సముద్రం పక్కన మరో చిక్కుంది. సాయంత్రం తెల్లగా మెరిసిన రేకు తెల్లారేసరికి పసుపు రాసుకున్నట్టు తుప్పు పట్టింది. ఒక రోజు పని వృథా. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఎంత మేర తుప్పు తీస్తే, అంత మేరకు ఆ రోజే ప్రైమర్ పడాలి. ఉదయం మంచు విడిచాక మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడులోగా ఆపెయ్యాలి. 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ పని చేశాం.

వట్టి రెడాక్సైడ్ వేస్తే సరిపోతుందని మనవాళ్ళ నమ్మకం. అది నీటిని పూర్తిగా ఆపదు. రెండు పొరలు ఎపాక్సీ ప్రైమర్ వేసి, అతుకులన్నిటికీ సీలర్ పెట్టి, పైన ఎనామెల్ కొట్టాం. ఏ రంగు అంటే, నంబరు ప్లేటు ఊడదీసినప్పుడు దాని వెనక ఎండ తగలని చోట అరచేయంత మేర అసలు రంగు మిగిలి ఉంది. బూడిద కలిసిన పచ్చ. అదే కలిపించాం.

కన్నాలు లెక్కపెట్టాను. పదిహేడు. పనికొచ్చేవి పదకొండు, వాటికి కొత్త రబ్బర్లు వేశాం. పనిలేనివి ఆరు, వాటికి రేకు బిళ్ళలు వెల్డింగు పెట్టాం. కుడికాలి పక్కదాన్ని నేనే మూశాను. డెబ్భై దాటిన చెయ్యి వణికినా అది ఇంకొకరికి ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కాలి మంటకి అన్నయ్య ఏళ్ళ తరబడి మందుల కొట్టులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగేవాడట. నాకు ఈమధ్యనే తెలిసింది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద దశాబ్దాలుగా పరిశోధనలు సాగుతున్నా, ఇదే కారణమని ఒక్కటి తేలలేదు. అందుచేత నా కన్నమే కారణమని నేననను. కాదని కూడా నాకు నేను చెప్పుకోలేను. నొప్పి మాత్రలు రోజూ వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయన్నది మాత్రం డాక్టర్లందరూ చెప్పే మాట. మోకాళ్ళ నొప్పులున్న మిత్రులారా, డాక్టరుని అడక్కుండా ఆ మాత్రలు మింగకండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మన వైపు వాళ్ళు ఏడాదికోసారైనా రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆ ఏడాది మార్చిలో, డయాలసిస్ లేని రోజు చూసి అన్నయ్యని షెడ్డుకి తీసుకొచ్చారు. లారీ రోడ్డెక్కదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన యాభై ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలకూ, కార్లకూ మాత్రమే వర్తిస్తుంది, లారీలకు లేదు. షెడ్డులోనే స్టార్టు చేశాం. ఇద్దరు పట్టుకుని ఆయన్ని సీటులో కూర్చోబెట్టారు. ఇంజను వేడెక్కేదాకా మాట్లాడకుండా కూర్చున్నాడు. తరువాత వంగి, కుడికాలి పక్కన రేకు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

నేను దగ్గరకు వెళ్ళి, "అన్నయ్యా, పుస్తకంలో నాలుగుసార్లు అబద్ధం రాశాను" అన్నాను. ముప్పై ఏళ్ళు పైబడి గొంతులో ఉన్న మాట.

ఆయన నవ్వాడు. "అబద్దం కాదులే తమ్ముడూ. రాత ముందు రాసీసినావు, పని ఎనక సేసినావు. అంతే" అన్నాడు.

ఆ ఖాకీ గుడ్డ నా పెట్టెలో, పెన్షను కాగితాల పక్కన ఉంది.