రౌటరు దీపములు

మనుమరాలి పరీక్షా దరఖాస్తునకు గడువు ముగియు దినముననే మా యింటి రౌటరు పనిచేయుట మానినది. పొరుగింటి బాలుడు వెనుకనున్న చిన్నరంధ్రమున పిన్నీసు గ్రుచ్చబోగా వారించితిని. అచ్చట నొక్కినచో పాస్‌వర్డుతో సహా అమరికలన్నియు చెఱిగిపోవును. నేను వ్యాకరణము చదివినవాడనే గాని యంత్రజ్ఞుడను గాను. అయినను దీపములను చదువ నేర్చితిని. వైఫై దీపము వెలుగుచునే యున్నది, ఎల్.ఓ.ఎస్. అను చోట నెఱ్ఱదీపము మిణుకుమనుచున్నది. అనగా దోషము వైఫైలో లేదు. గాజుతీగ వెంట రావలసిన వెలుగే పెట్టెకు చేరుట లేదు. తీగను వెదకికొనుచు పోగా, బియ్యపు బస్తా క్రింద నలిగి మడతపడి యుండెను! గాజుతీగ మిక్కిలి వంగినచో వెలుగు దారి తప్పి వెలికి పోవును. అదృష్టవశమున తెగలేదు. బస్తా తొలగించి, తీగను వెడల్పుగా చుట్టి పెట్టితిని. కొంతసేపటికి ఎఱ్ఱదీపమాఱి పచ్చదీపము నిలిచెను. దరఖాస్తు రాత్రి 11 గంటలకు చేరినది.