చింతచెట్టు క్రింది ఆస్టిన్
పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చదివిన ప్రసంగ పాఠము



మన పాఠశాల వెనుక చింతచెట్టు క్రింద టార్పాలిను కప్పియున్న బండిని గూర్చి ఈ సంవత్సరమంతయు మీలో పలువురు మమ్ము ప్రశ్నించితిరి. కొందరు నవ్వుచు నడిగిరి, కొందరు కోపముతో నడిగిరి. "అయ్యవారూ, చదువు మాన్పించి పిల్లలచేత పాత ఇనుము తోమిస్తున్నారంట గదా!" అని యొక తండ్రి మా ముఖము మీదనే యనెను. నాడు మేము బదులు చెప్పలేదు. నేడు చెప్పక తప్పదు. ఏలయన సంఘ కార్యవర్గము ముందు రెండు ప్రతిపాదనలు గలవు. బండిని తూకమునకు అమ్మివేయుట యొకటి. దానిలో వేరొక ఇంజను దింపి త్వరగా నడిపించుట రెండవది. మేము రెంటికిని ఒప్పుకొనలేదు.

మొదట ఆ బండి యేదియో చెప్పెదము. అది ఆస్టిన్ ఏ-40, అందులో డెవన్ అను నాలుగు తలుపుల రకము. ఇంగ్లండులో 1947 మొదలు 1952 వరకు తయారైనది. నాలుగు సిలిండర్లు, 1,200 సి.సి. ఇంజను. అయితే మన బండి సిద్ధముగా ఓడ దిగినది కాదు. భాగములుగా వచ్చి, మద్రాసునకు ఉత్తరమున సముద్రపుటొడ్డుననున్న ఎన్నూరులో కూర్పబడినది. రఘునందన్ శరణ్ అను పంజాబు దేశభక్తుడు 1948లో అశోక్ మోటార్స్ అను కంపెనీని స్థాపించి, మరుసటి యేటినుండి అచ్చట ఆస్టిన్ కార్లను కూర్పించెను. కుమారుని పేరే కంపెనీకి పెట్టెను. 1955లో లేలండ్ వారు చేరిన పిదప అదియే అశోక్ లేలండ్ అయ్యెను. అంత పెద్ద లారీల కంపెనీ చిన్న కారుతో మొదలైనదని ఈ బండి మన కొట్టమునకు వచ్చువరకు మాకును తెలియదు.

మన పాఠశాలకు తొలినాడు చేయూతనిచ్చిన పెద్దలలో నొకరు దీనిని 1951లో కొని తిరుత్తణిలో నుంచుకొనిరి. ఆడికృత్తికకు కావళ్ళ నడుమ ఈ బండి మెల్లగా కొండ దిగువకు వచ్చుట చూచిన వృద్ధులు ఇంకను గలరు. కొన్ననాడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చిత్తూరు జిల్లాలో నుండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రములోనికి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయెను. పటాస్కర్ గారి నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1న మరల మద్రాసు రాష్ట్రమునకు వచ్చెను. 1969లో ఆ రాష్ట్రమే తమిళనాడు అయ్యెను. బండి కొట్టము మారలేదు. కొట్టమున్న రాష్ట్రము మాత్రము మారుచు వచ్చెను. మన కుటుంబములలో పెక్కింటి కథయు నిదియే గనుక వివరింప బనిలేదు. ఆ పెద్దమనిషి వారసులు రెండేండ్ల క్రిందట బండిని, దాని రిజిస్ట్రేషను పుస్తకమును పాఠశాల కిచ్చిరి.

ఇట్టి బండ్లను వింటేజి యందురు. ఆ మాట ద్రాక్షసారా తీయువారిది. ఏ యేటి పంటయో తెలుపుటకు పుట్టినది. ఇంగ్లండులో పట్టుదల గలవారు 1930తో ముగిసిన కాలపు బండ్లకే ఆ పేరు నిత్తురు. వారి లెక్కలో మన ఆస్టిన్ పసిబిడ్డ. మన ప్రభుత్వపు లెక్క వేరు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటి, అసలు రూపమున నున్నది వింటేజి వాహనము. క్రొత్తగా రిజిస్టరు చేయించినచో 20,000 రూపాయలు రుసుము, వి.ఏ. అను అక్షరములు గల సంఖ్య. పూర్వమే రిజిస్టరైనదానికి పాత సంఖ్యయే నిలుచును. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు రోడ్డెక్కవచ్చును గాని నిత్యము తిప్పరాదు. ఛాసిస్‌నుగాని, బాడీనిగాని, ఇంజనునుగాని మార్చివేసినచో ఆ గౌరవము దక్కదు.

రెండవ ప్రతిపాదనకు ఇచ్చటనే చిక్కు. మేము పిలిపించిన మొదటి మెకానిక్కు బానెట్టు ఎత్తి చూచి, "ఇంజను పట్టేసింది సార్, అంబాసిడర్ ఇంజన్ దించేస్తే వారంలో రోడ్డెక్కిస్తా" అనెను. అతడు చెప్పినది వట్టిమాట కాదు. మన దేశమున పాత విదేశీ బండ్లు పెక్కు ఆ విధముగనే, లేదా డీజిల్ ఇంజనుతో, బ్రదికినవి. అంబాసిడర్ అనునది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు రూపమే. 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు ఏకమైనవి. తరువాత అంబాసిడర్‌లో చాలకాలము నడచిన 1,489 సి.సి. ఇంజనునకును మన 1,200 సి.సి. ఇంజనునకును పిస్టను పైకి క్రిందికి పోవు దూరము ఒక్కటే, 89 మిల్లీమీటర్లు. దాయాదులని చెప్పవచ్చును. కాని దాయాదిని తెచ్చి కన్నకొడుకు స్థానమున కూర్చుండబెట్టుటకు తొందర యెందుకు? ఎన్నూరులో బిగించిన ఇంజను ఇంకను అచ్చటనే యున్నది. దానిమీది సంఖ్యయు పుస్తకములోని సంఖ్యయు సరిపోవుచున్నవి. ఒక మారు తీసి పాత ఇనుములో వేసినచో ఆ సంఖ్య మరల రాదు.

కావున మేము వేచియుంటిమి. ప్లగ్గుల రంధ్రములగుండ కిరసనాయిలును గేరు ఆయిలును కలిపి పోసి, దినమున కొకసారి ముందరి హ్యాండిలుతో మెల్లగా కదలించితిమి. బలవంతముగా త్రిప్పినచో రింగులు విరిగి గోడలను గీయును. 19వ దినమున వ్రేలెడు కదలినది. ఆనాటి పిల్లల కేక మీ యిండ్లకు వినబడియుండును. సిలిండర్ల గోడలు అరిగియుండుటచే తిరువళ్ళూరులోని లేత్ షాపులో లైనర్లు వేయించి మరల మొదటి కొలతకు తెచ్చితిమి. కొలతలు సరిచూచినవారు మీలోని ఇద్దరు తండ్రులే. అంబాసిడర్ చేసిన హిందుస్తాన్ మోటార్స్ వారు 1998లో తిరువళ్ళూరు దగ్గర లాన్సర్ కార్ల కర్మాగారము నడిపింప నారంభించిరి. నేడచ్చట సిట్రోయెన్ కార్లు తయారగుచున్నవి. అచ్చట పనిచేయు వారు తమ సెలవునాడు మైక్రోమీటరు పట్టుకొని వచ్చిరి.

మాకు అన్నిటికంటె ఎక్కువ పాఠము చెప్పినది స్పానరు. మొదటి వారమున పిల్లలు నేటి మిల్లీమీటరు స్పానర్లతో నాలుగు నట్ల మూలలు గుండ్రము చేసిరి. 13 పట్టదు, 14 జారును. కారణ మేమనగా ఆనాటి బ్రిటిష్ బండ్ల నట్లు జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంజనీరు 1841లో ఏర్పరచిన పద్ధతి ననుసరించినవి. ఆ స్పానరుపై వ్రాసిన అంకె నట్టు వెడల్పు కాదు, దానిలో దూరు బోల్టు లావు. పావు అంగుళమని వ్రాసియున్న స్పానరు నోరు నిజమునకు 13.3 మిల్లీమీటర్లు! ఆనాటి మోరిస్ ఇంజనులు ఇంకను విచిత్రములు: ఫ్రెంచి సంబంధము గల ఇంజను గనుక మరలు మిల్లీమీటరువి, తలలు విట్‌వర్త్‌వి. మన బండి మోరిస్ కాకపోవుట మా అదృష్టము. భిన్నములన్న భయపడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు మూడు శనివారములలో 5/16 పెద్దదో 3/8 పెద్దదో తడుముకొనక చెప్పుచున్నాడు.

బ్యాటరీ విషయమున తప్పు జరిగినది, అది మాదే. నేటి కార్లలో నెగటివు కొన బాడీకి కలుపుదురు. ఆనాటి బ్రిటిష్ బండ్లలో పెక్కింట పాజిటివును కలిపెడివారు. మేము నిఘంటువు చూచినంత శ్రద్ధగా బండి పుస్తకమును చూడక, అలవాటు చొప్పున కలిపించితిమి. డైనమో ఒక దిక్కున, బ్యాటరీ ఒక దిక్కున లాగి కటౌట్ పాయింట్లు అతుకుకొని కాలిపోయెను. ఆ ఖర్చు మేమే భరించితిమి.

బ్రేకులు ఇంకను కష్టము. ఈ బండికి ముందు చక్రములకు మాత్రమే ఆయిలు బ్రేకులు, వెనుకవానికి కడ్డీలు. ఒక అంగడివాడు అసలు సరుకని ప్రమాణము చేసి అమ్మిన రబ్బరు కప్పులు రెండు వారములలో ఉబ్బి, పెడలు గట్టిపడిపోయెను. పాత బ్రేకు రబ్బరునకు ఖనిజ నూనె తగిలినను అట్లే యగును గనుక మొదట మా పిల్లలనే అనుమానించితిమి. తరువాత విప్పి చూడగా పోసిన ద్రవము సరియైనదే, రబ్బరే నకిలీది. అకారణముగా కసరుకొన్నందులకు ఇద్దరు బాలురను పిలిచి క్షమాపణ చెప్పితిమి.

అసలు భాగమనగా నేమి? ఈ ప్రశ్న మమ్ము చాల దినములు వేధించినది. ఇంగ్లండులోని గర్లింగ్ వారి సహకారముతో 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా వెలసెను. అంతకు ముందటి యేడు అచ్చటనే లూకస్-టి.వి.యస్. స్థాపింపబడెను. తిరువళ్ళూరునుండి మద్రాసు పోవు త్రోవలో మనము దాటెడు పాడియే అది. అదే కొలతతో, అదే నాణ్యముతో పాడిలో చేసిన భాగము అసలుదా, కాదా? మా నిర్ణయ మిది: అరుగుటకే పుట్టిన రబ్బరు, బెల్టు, గ్యాస్కెట్టు ఎచ్చట మంచివి దొరకిన అచ్చట తేవచ్చును, బండి యెవరిదో చెప్పు ఇంజను, దీపములు, గడియారపు పళ్ళెములు మాత్రము ఆనాటివే కావలెను. ఇది మా అభిప్రాయమే. ఇంతకంటె పట్టుదల గలవారు గలరు.

దీపపు వలయము, ఒక తలుపు పిడి మద్రాసు పుదుప్పేటలో దొరకినవి. పాత బండ్లను విప్పి అమ్మెడు ఆ వీధిలో నాలుగుసార్లు తిరిగితిమి. ఆస్టిన్ అని యడిగిన లాభము లేదు. భాగమును చేతిలో పట్టుకొని చూపవలెను. ఇంజను గ్యాస్కెట్టు ఇంగ్లండునుండి వచ్చినది. డెవన్, డార్సెట్, సోమర్‌సెట్ అని జిల్లాల పేళ్ళు పెట్టిన ఆస్టిన్ బండ్లకు అచ్చట ప్రత్యేకముగా ఒక సంఘమే యున్నది.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని జీ.డీ. కార్ల ప్రదర్శనశాలకు పిల్లలను తీసికొనిపోయితిమి. అది 2015లో తెరచినది. 1893లో కలంగల్ గ్రామమున తెలుగు మాటలాడు ఇంట జన్మించి, 1920లో పొల్లాచ్చి-పళని నడుమ ఒక్క బస్సుతో ఆరంభించిన జి.డి. నాయుడు గారి పేర వెలసినది. పిల్లలు అచ్చటి బండ్లకంటె వాని క్రింద దూరి నట్ల తలలు చూచుటకే ఎక్కువ కాలము పుచ్చిరి.

ఇక చదువు మాట. పని శనివారము మధ్యాహ్నము మాత్రమే, మూడు గంటలు. పిల్లల రుసుములనుండి ఒక్క రూపాయి తీయలేదు, పూర్వవిద్యార్థు లిచ్చినది. కాని త్రైమాసిక పరీక్షకు ముందు ఒకనాడు చీకటి పడువరకు పిల్లల నుంచితిమి. ఒక తల్లి దీపము పట్టుకొని వెదకుచు వచ్చినది. ఆమె యన్న మాటలు న్యాయమైనవి. అట్లు మరల జరుగదు. పిల్లలు ప్రతి భాగమునకు తెలుగు, తమిళము, ఇంగ్లీషు పేళ్ళు మూడు వరుసలలో ఒక పుస్తకమున వ్రాసిరి. కొన్నింటికి తెలుగు వరుస ఖాళీగా నున్నది. తిరుత్తణిలో బండ్లు బాగుచేసిన వృద్ధులు మీలో నున్నచో వచ్చి నింపవలెనని కోరుచున్నాము.

ఇంజను పోయిన నెలలో పలికినది. బ్రేకులు సరిపడువరకు బండి ఆవరణము దాటదు, పిల్లలెవ్వరును ఎక్కరు. కావలసినవి ఇంకను రెండు. ఒకటి విట్‌వర్త్ స్పానర్ల జత. రెండవది, మలుపు తిరుగునపుడు తలుపుల నడిమి స్తంభమునుండి చేయివలె బయటికి వచ్చి వెలుగు కుడివైపు సిగ్నలు, ఎడమవైపుది పనిచేయుచున్నది. మీ తాతల కాలపు పెట్టెలు అటకలమీద నున్నచో, పాత ఇనుమువాని కిచ్చుటకు ముందు ఒక్కమారు విప్పి చూడుడు. దొరకినచో శనివారము రెండు గంటలకు చింతచెట్టు దగ్గరకు తెండు. కాఫీ మేమిచ్చెదము.