“ఎందుకు?” అనేవాడికి చోటివ్వండి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పరిశోధన సంస్థల గురించి మాట్లాడమంటే మొదట జంకాను. అయితే నా మనస్సులో ఒక తప్పు ముల్లులా ఉండిపోయింది. అది మీ ముందర చెప్పుకోవాలనే ఇక్కడ నిలబడ్డాను.

కొన్నేండ్ల కిందట మా బడి వెనక బండల్లో పాము కనిపించింది. పిల్లలంతా పరుగెత్తారు. ఒక్కడు మాత్రం నిలబడి, “ఉస్తాద్, పాముల్లో ఆడదేదో మగదేదో ఎట్ల తెలుస్తుంది?” అన్నాడు. “పరీక్షలో వచ్చేది చదువుకో పో!” అని గద్దించాను. వాడు మళ్లీ నన్నేమీ అడగలేదు.

అలాంటి ప్రశ్ననే పట్టుకొని పరిశోధన మొదలుపెట్టినాయన లాల్జీ సింగ్. ఉత్తరప్రదేశ్ రైతుబిడ్డ. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పరిశోధించి 1971లో డాక్టరేట్ పొందారు. తరువాత ఎడిన్‌బరోలో పనిచేస్తూ, పట్టెల కట్లపాము డి.ఎన్.ఏ.లో పదేపదే వచ్చే ఒక భాగాన్ని పరిశీలించారు. ఆ పాములకు శాస్త్రజ్ఞులు పెట్టిన ‘బంగారస్’ అనే పేరు మన తెలుగు ‘బంగారు’ నుంచి వెళ్లిందే! అటువంటి భాగాలు మనుషుల్లోనూ ఉన్నాయి. ఒకే పోలిక కవలల్లో తప్ప, వాటి అమరిక మనిషి మనిషికీ వేరు. బిడ్డకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. ఆయన 1987లో హైదరాబాద్ సి.సి.ఎం.బి.లో చేరి, మరుసటి ఏడు దీని ఆధారంగా మన దేశంలోనే డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని సిద్ధం చేశారు. తండ్రి ఎవరన్న తగాదాల్లో, హత్యకేసుల్లో కోర్టులకు అది సాక్ష్యమైంది. పాముల దగ్గర మొదలైన నాడు ఈ లాభం ఎవరు లెక్కగట్టి చెప్పగలిగేవారు?

ఆయనకు చోటిచ్చిన సంస్థ ఎట్లా పుట్టిందో కూడా వినండి. హైదరాబాద్‌లో పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధనల కోసం ఒక ప్రయోగశాల ఉండేది. 1948 నుంచి దానికి డైరెక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ సాహెబ్. 1950లో హైదరాబాద్ వచ్చిన యువకుడు పుష్ప మిత్ర భార్గవ ఆ ప్రయోగశాలలోనే జీవకణాల పరిశోధన సాగించారు. ఆ జీవరసాయన విభాగమే 1977లో వేరుపడి సి.సి.ఎం.బి. అయింది. పరిశ్రమల పని ఆగలేదు. దాని పక్కనే కుతూహలానికీ ఒక గది దొరికింది.

“కరువు సీమలో బోరు వేయించక ఈ గదులెందుకయ్యా?” అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన మాటే. బోరూ కావాలి. కానీ ప్రతి ప్రశ్ననూ “లాభమెంత?” అని ముందుగానే తూచితే, రేపటి విద్య ఎక్కడ నుంచి వస్తుంది? స్వేచ్ఛ అంటే జవాబుదారీ లేకపోవడం కాదు. మనిషిని చూసి ఎంచుకోవాలి. గది, పరికరం, కాలం ఇవ్వాలి. పని నిజాయితీగా జరిగిందా అని అడగాలి.

మన డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ కర్నూలులో ఉస్మానియా కాలేజీ నిలబెట్టారు. సంస్థలు కట్టడం మనకు కొత్తకాదు. పెద్ద పరిశోధనాలయం మన చేతిలో లేకపోవచ్చు. స్కాలర్‌షిప్పులతోపాటు ఒక చిన్న గది, ఒక మైక్రోస్కోపు ఏర్పాటు చేయమని ఈ సంఘాన్ని వేడుకుంటున్నాను. అక్కడ మార్కులుండకూడదు. రేపటి పరిశోధనాలయాల్లోకి పోయే పిల్లలు అటువంటి గదుల నుంచే రావాలి.

ఆ పిల్లవాడు ఇప్పుడు మెకానిక్ షాపులో కష్టపడి బతుకుతున్నాడు. అందులో తక్కువేమీ లేదు. వాడి ప్రశ్నకు మాత్రం నేను బాకీపడ్డాను. ఆ బాకీ తీర్చుకోవడానికి మీరంతా తోడ్పడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.