గొంగడి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన వెల్గటూరు గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున చేతిపనులను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆజ్ఞాపించినారు. నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసి, రాత్రి దీపము ముందు నిఘంటువు ప్రక్కన నుంచుకొని కావ్యములు చదువుకొన్నవాడను. కావున లెక్క వ్రాయువాని రీతిగనే ఒక్క వస్తువును దీసికొని దాని జమాఖర్చు మీ ముందుంచెదను. ఆ వస్తువు గొంగడి.

గొంగడి యనగానే మోటు వస్తువని చిన్నచూపు చూచువారు గలరు. కాని కంబళ శబ్దము అథర్వవేదమునందే యున్నది. బుద్ధుని కాలమున అజితుడను తాత్త్వికుడు వెంట్రుకల కంబళి ధరించుటచే కేశకంబళియని ప్రసిద్ధుడయ్యెను. న్యాయశాస్త్రమున మాటను వక్రించి వాదించుటకు చూపు ఉదాహరణమును కంబళియే. ‘నవకంబళుడు’ అని ఒకడు క్రొత్త కంబళి గలవానిని గూర్చి పలుకగా, వీనికి తొమ్మిది కంబళ్ళెక్కడివని వేరొకడు అడ్డు తగులును. మన తెలుగువారికిని గొంగడిలో తినుచు వెంట్రుకలేరుట, ఎక్కడ వేసిన గొంగడి అక్కడనే యుండుట అను సామెతలు నిత్యవ్యవహారములే. గొంగళిపురుగునకు ఆ పేరు వచ్చినదియు దీనివలననే. నేటి బాలురు పురుగునెరుగుదురు, గొంగడినెరుగరు.

ఇక దాని పుట్టుక వినుడు. దక్కను నల్లగొర్రెకు ఏట రెండుమార్లు ఉన్ని కత్తిరింతురు. కత్తెర కమ్మరి చేసినది. ఆ ఉన్నిని శుభ్రపరచి, ఏకి, కురుమవారి ఆడువారు రాట్నముపై వడుకుదురు. వడికిన నూలును పడుగుగా సాచి, చింతగింజల పిండితో కాచిన గంజి పట్టింతురు. పిదప మగవారు గుంటమగ్గమున గూర్చుండి నాడె విసరి నేయుదురు. మగ్గపు కొయ్యలు వడ్రంగి చెక్కినవి. ఇట్లు సిద్ధమైన గొంగడి చలికి దుప్పటి, పగటికి పరుపు, వానకు కొప్పె. బీరప్ప పండుగలలో దానికి గౌరవస్థానము గలదు. మోయుటకు ఒక భుజము చాలును. చేయుటకు మాత్రము ఒక యిల్లంతయు, ఒక ఊరు కొంతయు కావలెను.

ఈ పనులలో నేయుటకు పట్టు దినములకన్న వడుకుటకు పట్టు దినములే యెక్కువ. అయినను సంతలో బేరము నేతగానితోనే. గొంగడి ధర చెప్పునప్పుడు ఉన్ని వెల, నేత కూలి లెక్కకు వచ్చును. వడుకు కూలి రాదు. ఏలయన అది ఇంటి ఆడువారి పని. కొన్ని సంవత్సరముల క్రితము నేను ఇంటింటి వివరములు వ్రాయుచు ఒక కురుమ ముసలమ్మ వాకిట నిలిచి, “అవ్వా, నీవు చేసే పని యేమని వ్రాయను?” అని అడిగితిని. “నాకేం పనున్నది బిడ్డా, ఇంట్లనే ఉంట” అని ఆమె సమాధానము. ఆ మాట చెప్పుచున్నంతసేపును ఆమె కుడిచేయి రాట్నము త్రిప్పుచునే యుండెను.

ఇది మన సీమకే పరిమితమైన సంగతి గాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురమున ఆడువారు కొక్కెపుసూదితో అల్లు లేసు సముద్రములు దాటి విదేశములకు పోవును. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య యది. మరియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. లేసు నల్లువారు గంటలకొలది శ్రమించియు గృహిణులనియే లెక్కకెక్కిరనియు, వారి పని తీరికవేళ కాలక్షేపముగా ఎంచబడెననియు ఆమె చూపినది. అక్కడ దారము, ఇక్కడ ఉన్ని; పద్దునందలి లోపము ఒక్కటే.

గొంగడి తగ్గుటకు కారణములు పెక్కు. పచ్చిక బయళ్ళు తరిగినవి. మిల్లు దుప్పట్లు చౌకగా వచ్చినవి. మాంసమునకు గిరాకి పెరిగి, ఉన్ని నల్లగొర్రె స్థానమున ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందలలో చేరినవి. 2017 జూనులో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకము క్రింద 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున నూటికి 75 వంతుల రాయితీతో ఇచ్చిరి. వానిని పొరుగు రాష్ట్రములనుండి కొని తెచ్చిరి. మాంసము కొరకు పెంచువారికి అవి మేలే. రాట్నమునకు మాత్రము వానివలన పని లేదు.

అయితే మరియొక కారణము గలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ఆడువారు వేలకొలదిగా బీడీలు చుట్టుచున్నారు. పొగాకు ఘాటు, నడుము నొప్పి వారెరుగనివి గావు. అయినను వేయి బీడీలకు ఇంతయని కూలి యున్నది, పి.ఎఫ్. ఉన్నవారి పేరు పుస్తకమునకెక్కును. తల్లి వడికిన నూలునకు లెక్క లేదని చూచిన కూతురు లెక్క యున్న పనికి పోయినది. ఆమెను నిందించుట తగదు. విద్య నశించినదని దుఃఖించుటకు ముందు, ఆ విద్యకు మనమేమి చెల్లించితిమో చూచుకొనుట న్యాయము.

మన మండలమందలి కోటిలింగాలలో 1979 మొదలు 1983 వరకు త్రవ్వకములు జరిగినవి. అచ్చట దొరకిన శాతవాహన చిముకుని నాణెములు మనకు గర్వకారణము. లోహము మట్టిలో నిలిచినది గనుక రాజు పేరు మిగిలినది. ఉన్ని నిలువదు. ఆ కాలమున వడికినవారి పేరు చెప్పుటకు మట్టికి శక్తి లేదు, కాగితమునకు కలదు. గ్రంథాలయము కాగితమునకు ఇల్లు గదా!

కావున కార్యవర్గమునకు నా విన్నపమిది. ఈ ఉత్సవ స్మృతిగా ఒక దళసరి పుస్తకము కుట్టించుడు. వడుకుట నెరిగిన వృద్ధస్త్రీల యొద్దకు మన విద్యార్థులు పోయి, పరికరముల పేర్లు, పని వరుస, పట్టు దినములు వారి మాటలలోనే వ్రాసి తేవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. చెప్పినవారి సమ్మతితో పేరు వ్రాసి, వృత్తి యను గడిలో ‘ఉన్ని వడుకుట’ అని స్పష్టముగా నింపవలెను. ఇక గొంగడి కొనువారు వడుకు కూలి ఎంతయని అడిగి, అదియు కలిపి చెల్లింతురు గాక. ఈ రెండు పనులకు గొప్ప ధనము అక్కరలేదు.